అరుణమ్మ ఎక్కని బస్సు

గోపయ్యకున్న చాదస్తాలన్నింటిలోకీ పెద్దది ఒకటుంది. తను నడిపే బస్సులో తన ఇంటి మనిషి ఎక్కకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అతనికి స్టీరింగు మీద చెయ్యి కుదిరేలా చేసిన పెద్ద డ్రైవరొకాయన చెవిలో వేసిన మాట అది. "ఇంటోళ్లు బండ్ల కూసుంటే చెయ్యి వణుకుతదిరా. పానం రోడ్డు మీద ఉండదు, ఎన్క సీట్ల ఉంటది" అన్నాడట. ఆ పెద్దాయన పోయి చాలా కాలమైంది. ఆయన మాట మాత్రం గోపయ్య నెత్తినెక్కి కూర్చుంది. ఎవరెన్ని చెప్పినా దిగలేదు.

దాంతో పెళ్లయినప్పటి నుంచీ అరుణమ్మది విచిత్రమైన సంసారం. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఆమె మాత్రం కొత్తపేట స్టాపులో నిలబడి, అతని బస్సు వస్తే వదిలేసి, వెనకొచ్చేదాని కోసం ఎదురుచూడాలి. మండుటెండలో చంకన పిల్లతో నిలబడి ఉన్నప్పుడు ఎదురుగా సగం ఖాళీ బస్సు వచ్చి ఆగడం, స్టీరింగు ముందున్న పెద్దమనిషి ఇటు తల తిప్పకుండా గేరు వేసుకుని పోవడం ఎంత వైభోగమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఆమె ఊరుకునే మనిషి కాదు.

"ఊరందర్ని ఎక్కించుకుంటవ్. నేనే బరువైతనా నీకు?" అనేది.

"రిటైరైన్నాడు ఎక్కించుకుంట. ఆఖరు ట్రిప్పు నీదే" అనేవాడు గోపయ్య మీసం దువ్వుకుంటూ.

ఆ మాట అతను ఊరికే అనలేదు. వాళ్ల డిపోలో ఒక ఆనవాయితీ ఉంది. రిటైరయ్యే డ్రైవరు చివరి రోజున ఒక ట్రిప్పు పెళ్లి బస్సులా ముస్తాబు చేసిన బండితో కొడతాడు. ముందు అరటి కొమ్మలు, అద్దం చుట్టూ బంతిపూల దండలు. భార్యాపిల్లలు ముందు సీట్లలో కూర్చుంటారు. స్టాపు స్టాపుకూ ఎక్కిన వాళ్లకు చాక్లెట్లు పంచుతారు. తిరిగొచ్చాక భార్యాభర్తలను కుర్చీల్లో కూర్చోబెట్టి బట్టలు పెడతారు. ఇన్నేళ్లలో ఎందరి చివరి ట్రిప్పులకో గోపయ్య పూలు కట్టాడు. అరుణమ్మ ఒక్కోదాని కథా అతని నోటే విని, తన వంతు కోసం కాచుకుని ఉంది. ముందు సీట్లో కూర్చుని కోఠి దాకా వెళ్లి, మళ్లీ ఎల్బీనగర్ దాకా రావాలి. పుట్టింటి వాళ్లు పెట్టిన మెరూన్ పట్టుచీర దానికోసమే దాచింది. ఆమె మొగుణ్ణి గట్టిగా అడిగిన కోరిక ఇదొక్కటే.

గోపయ్య రిటైర్మెంటు 2009 డిసెంబరు నెలాఖరుకు పడింది.

ఇక్కడ అతని ఇంకో గొప్ప గురించి చెప్పుకోవాలి. ఎందుకంటే ఆయన అది చెప్పకుండా ఎవర్నీ వదలడు. పదిహేనేళ్ల కిందట ఒకనాటి ఉదయం కొత్తపేట దగ్గర ఒక స్కూటరు ఇసకలో జారి, వెనక కూర్చున్న బడిపిల్ల సరిగ్గా అతని బస్సు ముందు పడింది. బ్రేకు పడింది. పిల్లకు మోచెయ్యి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. కానీ గోపయ్యకు అయింది. స్టీరింగు పట్టుకుంటే చాలు, ఆ పిల్ల రిబ్బను జడలు కళ్లముందు ఆడేవి. జ్వరమని సెలవు పెట్టి మంచం పట్టాడు. డ్రైవరు పని మానేసి డిపోలో వాచ్‌మన్‌గా వేయమని అడుగుదామనుకున్నాడు. ఏమైందో ఏమో, ఒకనాడు లేచి స్నానం చేసి ఖాకీ వేసుకుని డ్యూటీకి పోయాడు. మొదట్లో భయంభయంగా నడిపాడు. పోను పోను చెయ్యి కుదుటపడింది. "ఎవ్వల సాయం లేకుంట, నా అంతల నేనే మల్ల స్టీరింగు పట్టిన" అని ఆ కథను ముగించేవాడు. అతని బతుకులో అతను గర్వపడే విషయం అదే.

ఆ రోజుల్లోనూ తర్వాతా అతని బస్సులో ఎక్కువ కాలం కండక్టరుగా ఉన్నవాడు బాపిరాజు. పాలకొల్లు వైపు మనిషి. హైదరాబాదు వచ్చి జుట్టు నెరిసినా "అండి" వదల్లేదు. ఇద్దరూ ఒక టిఫిన్ డబ్బాలో తిన్న మనుషులు. అయితే ఆ డిసెంబరు అందరి మధ్యా ఏదో ఒకటి పెట్టింది. తొమ్మిదో తేదీన తెలంగాణ ఇస్తామన్నారని దిల్‌సుఖ్‌నగర్‌లో పటాకులు కాల్చిన చేతులే, ఇరవై మూడున మాట మారాక టైర్లు కాల్చాయి. గోపయ్య పటాకుల దగ్గరా ఉన్నాడు, టైర్ల దగ్గరా ఉన్నాడు. అతనిది చిట్యాల పక్క ఊరు. ఫ్లోరైడు నీళ్లకు నడుం వంగిన తల్లిని చూస్తూ పెరిగిన మనిషికి ఎవరూ ఉపన్యాసం చెప్పక్కర్లేదు. బాపిరాజు మాత్రం మాటలు తగ్గించాడు. టీ బండి దగ్గర కాస్త ఎడంగా నిలబడడం మొదలుపెట్టాడు. గోపయ్యకు అది కనిపించింది, బాధ కూడా కలిగింది.

నెలాఖరు వారంలో తెల్లవారుతూనే డిపో గేటు దగ్గర బంద్ మీద మీటింగ్ జరిగింది. యూనియన్ సెక్రటరీ స్టూలెక్కి గొంతు చించుకున్నాడు.

"గురువారం నాడు ఒక్క బండి గూడ గేటు దాటద్దు! ఒప్పుకున్నోళ్లు చేతులు లేపుండ్రి!"

చేతులు లేచాయి. గోపయ్య ఆవేశం కొద్దీ రెండూ లేపాడు. పక్కనే ఖాకీ జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డ బాపిరాజు మెల్లగా అన్నాడు.

"గోపయ్యా, గురువారం అంటే ముప్పై ఒకటి కదయ్యా."

గోపయ్య చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. దించితే అందరూ చూస్తారు, దించకపోతే ఇంట్లో అరుణమ్మ ఉంది. జై తెలంగాణ అని అందరూ అరిచారు, అతనూ అరిచాడు. గొంతు మాత్రం సగమే లేచింది.

ఇంటికొచ్చి చెప్పక తప్పలేదు. అరుణమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"లేపేటప్పుడు యాదికి రాలేదా?"

"గురువారం అన్నరు గని తారీఖు చెప్పలే."

"ఒక్క చెయ్యి లేపినవా, రెండు లేపినవా?"

గోపయ్య అబద్ధమాడలేదు. "రెండు" అన్నాడు.

ఆమె కొట్లాడుతుందనుకున్నాడు. కొట్లాడితే బాగుండేది. చేటలోని కాయలు వంటింట్లో పెట్టి, మంచం మీద ఆరేసిన మెరూన్ చీరను మడత పెట్టుకుంటూ కూర్చుంది. ఒక్క మాట ఇచ్చి, అదీ నిలబెట్టుకోలేకపోయినందుకు గోపయ్యకు చెప్పలేనంత సిగ్గేసింది. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే కొడుకు శేఖర్ అప్పుడే వచ్చి, ఉద్యమ వార్తలన్నీ ఉత్సాహంగా చెప్పి, తండ్రి ముఖం చూసి ఆగాడు. ఒక్క బండి తీయించమని సెక్రటరీని అడుగుదామా అన్నాడు గోపయ్య.

"నాయినా, నీ కోసం ఒక్క బండి తీస్తే రేపు అందరికి ఒక్కో కారణం ఉంటది. చెయ్యి లేపినోనివి నువ్వే పోయి అడుగుతవా?"

కొడుకు మాటలో తప్పేమీ లేదు. అదే గోపయ్యకు మరీ కష్టంగా ఉంది.

గురువారం వచ్చింది. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు తాళాలు వేలాడుతున్నాయి. బంద్ అయితే అయింది గానీ కొత్త సంవత్సరం ఆగదు కదా, బేకరీ వాడు షట్టరు సగం దించి లోపల్నుంచి కేకులు అమ్ముతున్నాడు. వనస్థలిపురం నుంచి అల్లుడి బండి మీద వచ్చిన కూతురు జ్యోతిక అక్కడ వంగి దూరి ఒక కేకు కొంది. కుటుంబమంతా ఖాళీ రోడ్డు మీద డిపోకు నడిచారు. అరుణమ్మ కట్టుకున్నది మామూలు నూలు చీర. పట్టుచీర ఏదని కూతురు అడిగితే "ఎండకు పట్టెందుకే" అంది. డిసెంబరులో ఎండేమిటని ఎవరూ అడగలేదు.

డిపోలో సందడి బాగానే ఉంది. డ్యూటీలు లేవు కాబట్టి అందరూ ఉన్నారు. షెడ్డువాళ్లు అభిమానం కొద్దీ గోపయ్య బండికి అరటి కొమ్మలు కట్టనే కట్టారు. వెళ్లే దారి లేని బస్సు పూలదండలు వేసుకుని వరసలో నిలబడింది. మేనేజరు శాలువా కప్పాడు. బంధువులు బట్టలు పెట్టారు. కేకు కోశారు. గోపయ్యను మాట్లాడమన్నారు. అతను మెకానిక్కులకు దండం పెట్టాడు, సెక్రటరీకి దండం పెట్టాడు, మేనేజరుకు పెట్టాడు. ఆ తర్వాత అలవాటుగా బడిపిల్ల కథలోకి దిగాడు.

"...ఎవ్వల సాయం లేకుంట, నా అంతల నేనే మల్ల స్టీరింగు పట్టిన!"

అందరూ చప్పట్లు కొట్టారు. పక్క కుర్చీలో అరుణమ్మ మెడలో దండ సర్దుకుంది. వెనక వరసలో బాపిరాజుకు ఎందుకో దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

అంతా అయ్యాక మేనేజరు సెక్రటరీని పక్కకు పిలిచాడు. "ఆ బండిని ఎలాగూ కడగాలి. ఇక్కణ్ణుంచి వాషింగ్ ర్యాంపు దాకా గోపయ్యే తీసుకెళ్తే మీకేమన్నా అభ్యంతరమా?"

సెక్రటరీ చాలా గంభీరంగా ఆలోచించాడు. "గేటు దాటద్దన్నం. యార్డుల తిరగద్దని తీర్మానం చెయ్యలే" అని తేల్చాడు.

కోఠి దాకా కావలసిన ప్రయాణం వాషింగ్ ర్యాంపు దాకా వచ్చింది. అయినా గోపయ్య ముఖం వెలిగింది. అతను చెంగున ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. జ్యోతిక ముందు తలుపు దగ్గర నిలబడి తల్లిని పిలిచింది. అరుణమ్మ అటు రాలేదు. బస్సు పక్కనుంచి నడిచి వెనక తలుపు ఎక్కి, చిట్టచివరి పొడుగు సీటులో ఒక మూలకు వెళ్లి కూర్చుంది.

"అమ్మా, గాడ కాదు! ముందల, ముందల!" అని జ్యోతిక అరిచింది. "ఆడోళ్లు ముందల కూసోవాలె పెద్దమ్మా" అని కింద నుంచి ఒక మెకానిక్కు వేళాకోళమాడాడు.

టికెట్ల సంచి లేకపోయినా కండక్టరుగా బాపిరాజే ఎక్కాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడి నవ్వుతూ అన్నాడు. "వదిలెయ్యండమ్మా. ఆవిడ సీటు అదేనండి."

గోపయ్య వెనక్కి తిరిగాడు. "అదే అంటే?"

"పోనీలే రాజన్నా" అంది అరుణమ్మ.

"ఇంకెన్నాళ్లు దాచనమ్మా? ఈ రోజుతో ఆయన డ్యూటీ దిగిపోతున్నాడు." బాపిరాజు గోపయ్య వైపు తిరిగాడు. "ఆ పిల్ల పడ్డ తర్వాత నువ్వు మళ్లీ డ్యూటీకొచ్చావు చూడు, ఆ రోజు నుంచీ మీ ఆవిడ ఈ బండిలోనే ఉందయ్యా. కొత్తపేటలో ఎక్కితే నువ్వు చూస్తావని చైతన్యపురి దాకా నడిచొచ్చి, వెనక తలుపు ఎక్కేది. ముందు కూర్చుంటే అద్దంలో పడుతుందని మగాళ్ల మధ్యలో, ఆ మూల, కొంగు కప్పుకుని. ఎంతమంది ఎన్ని మాటలన్నారో! నేను తిడితే గానీ ఊరుకునేవాళ్లు కాదు. నీతో చెబితే ఒట్టేనని నాచేత ఒట్టేయించుకుంది."

గోపయ్య రోడ్డు మీద ఉన్నట్టు నిటారుగా ముందుకు తిరిగి బండి స్టార్టు చేశాడు. రైట్ రైట్ అన్నాడు బాపిరాజు. క్లచ్ వదిలేసరికి బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేశాడు. మళ్లీ ఆగిపోయింది. కింద షెడ్డువాళ్లు ఈలలు వేశారు. ఇన్నేళ్ల సర్వీసులో గోపయ్య చేతిలో బండి ఇలా ఆగడం వాళ్లెవరూ చూడలేదు. అతను తన చేతుల వంక చూసుకున్నాడు. పెద్ద డ్రైవరు చెప్పినట్టే అవి వణుకుతున్నాయి.

లేచి, సీట్ల మధ్య నడుచుకుంటూ వెనక దాకా వెళ్లాడు. శాలువా ఒక భుజం మీంచి జారి నేల మీద ఈడుస్తోంది. అందరికీ దండాలు పెట్టి, పెట్టాల్సిన చోట పెట్టకుండా వచ్చానని అతనికి తెలిసింది. తెలిసినా చేతులు జోడించడం రాలేదు. కట్టుకున్నదాని ముందు అది అలవాటు లేదు.

"ఎందుకొచ్చినవే?"

"జరమని పడుకున్నోనివి పొద్దున లేసి పోయినవ్. పోయేటప్పుడు నీ మొకం చూసిన. ఇంట్ల కూసోబుద్ది కాలే."

"నేను మల్ల ఆపుతే ఏం జేస్తుంటివి?"

"ఏం జేస్త? బండి నడపొస్తదా నాకు?" అంది అరుణమ్మ. "నీతోని దిగి ఇంటికి నడిసొస్తుంటి."

గోపయ్య ముందు సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఎన్ని రోజులొచ్చినవ్ గట్ల?"

"నీ చెయ్యి కుదిరిందాక."

"కుదిరినంక?"

అరుణమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

"కుదిరినంక గూడ అప్పుడప్పుడొచ్చిన" అంది. "ఊకెనే."