వసంతి వదిన రెండో స్క్రీన్

నిన్న పొద్దున శేఖర్ అన్న ఫోన్ చేసి వసంతి వదిన ఇక లేదు అంటే నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పొద్దున్నే ఇవేం మాటలని కసురుకున్నాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

నలభై కూడా నిండని మనిషి. మొన్న సాయంత్రం ఇందిరా నగర్‌లో మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి వెళ్లింది.

ఎలా నమ్మాలి?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కె. వసంతి మా మేనత్త కూతురు, శేఖర్ అన్న భార్య. ఇళ్లకి ప్లాన్లు గీసేది. ఈమధ్యే ఆఫీసు మానేసి సొంతంగా మొదలుపెట్టింది. లాప్‌టాప్ భుజాన వేసుకుని తనే ఇళ్లకి వెళ్లేది.

ఒక్క లాప్‌టాప్ అయితే ఇంటివాళ్లంతా తన వీపు వెనక నిలబడి తొంగిచూడాలి. ఆడవాళ్లకి చోటే దొరకదు. అందుకని వాళ్ల వైపు తిప్పి పెట్టడానికి ఒక పోర్టబుల్ మానిటర్, అంటే వెంట మోసుకెళ్లే రెండో స్క్రీన్, కావాలంది.

తోడుకి నన్ను లాక్కుపోయింది.

షాపులో టచ్ స్క్రీన్ చూపించారు. నాకు తెగ నచ్చింది.

“టచ్ ఏందే, వద్దు. తలా ఒక వేలు పెడతారు. గోడ యాడికో పోతాది,” అంది.

ఏసీలో అన్నీ బాగానే కనిపిస్తాయని, డెమో పీస్‌ని బయట ఎండలోకి తెమ్మంది. షాపతను నా వైపు చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను.

చివరికి పద్నాలుగు ఇంచులది, ఎండలో మెరుపు కొట్టనిది, ఒకే కేబుల్‌తో నడిచేది తీసుకుంది.

అక్కడితో ఆగితే వసంతి వదిన ఎందుకవుతుంది? డబ్బా మీద రాసిన బరువు నమ్మలేదు. కవర్, స్టాండ్ కలిపి ఎంతో తేలాలని నేరుగా తేంగాయితిట్టు హార్బర్‌కి వెళ్లి చేపల కాటా మీద పెట్టింది.

బరువు పర్వాలేదు. కవర్‌కి పట్టిన వంజరం చేప వాసన మాత్రం పోలేదు. మొన్న కూడా దాన్ని తుడుస్తూ ఒకటే నవ్వు.

ఈ ఆదివారం వైతికుప్పంలో దానికి మొదటి పని. చేపలమ్మే సెల్వి అక్క ఇల్లు కట్టుకుంటోంది. వంటింటి కిటికీ ఎటు ఉండాలో ఇంట్లో అందరూ చెప్పారు, ఆవిడ తప్ప.

“మొగోళ్లు మాట్లాడతానే ఉంటారే. ఆయమ్మ చూసి చెప్పాల,” అంది వదిన.

నాతో అన్న చివరి మాట అదే.

నిన్న సెల్వి అక్క వచ్చింది. వదిన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. ప్లాన్ సంగతి అడగలేదు. ఎలా అడుగుతుంది పాపం?

నేనే అన్నని ఆ లాప్‌టాప్, స్క్రీన్ అడిగాను. లోపలికి వెళ్లి బ్యాగు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నాకు గీయడం రాదు. కానీ స్క్రీన్ ఆవిడ వైపు తిప్పి పెట్టడం వచ్చు. ఆదివారం వస్తున్నానని కబురు పెట్టాను. కిటికీ ఎటో సెల్వి అక్కే చెబుతుంది. గీసేవాళ్లని తర్వాత వెతుక్కుంటాం.

వెళ్లిరా వదినా.

నాకింకా నమ్మకం కుదరడం లేదు. నువ్వు మాత్రం ప్రశాంతంగా ఉండు.