రెండో వరస పళ్లు

మా అమ్మాయికి ఐదేళ్లు నిండినా బొటనవేలు నోట్లోంచి తీసేది కాదు. చంటిదిగా ఉన్నప్పుడు పాలపీక అలవాటు చేయొద్దని ఇంట్లో అందరితో పోట్లాడింది నేనే. పీకయితే పారేసేవాళ్లం, వేలిని ఎక్కడ పారేస్తామని మా అత్తగారు నన్ను దెప్పని రోజు లేదు. పై పళ్లు ముందుకొచ్చి పెదాలు మూసినా కనిపించేవి. బళ్లో పిల్లలు వెక్కిరిస్తున్నారని తెలిసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన తర్వాతెప్పుడో వస్తుంది.

అవి మిరప కోతల రోజులు. సత్తెనపల్లి అవతల మా కల్లంలో కాయలు ఎండబోసి, రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నాం. మా వైపు దిష్టి తీసినా మిరపకాయే, పిల్లల మొండితనం వదిలించాలన్నా మిరపకాయే.

"కాస్త కారం రుద్దవే, దెబ్బకి మానేసుద్ది" అన్నారు అత్తగారు.

ఒక కాయ చిదిమి, పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని, నా బొటనవేలితో దాని బొటనవేలికి రుద్దాను.

వేలు నోట్లో పెట్టుకోగానే ముఖం కందిపోయింది. అదే చేత్తో కళ్లు నులుముకుని కేకలు పెట్టింది. కళ్లు కడిగాం, చెయ్యి మజ్జిగలో ముంచాం. చాలాసేపు ఏడ్చి, వెక్కుతూనే నా ఒళ్లో పడుకుని మళ్లీ అదే వేలు నోట్లో పెట్టుకుంది. మంట పెట్టిన నా దగ్గరికే ఓదార్పుకి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు టౌన్లో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. కారం రుద్దిన సంగతి చెప్పాను, తిడుతుందనుకున్నాను. ఆవిడ ఎక్స్‌రే తీసి కంప్యూటర్లో చూపించింది. పాలపళ్ల పైన, ఎముక లోపల, ఇంకో వరస పళ్లు! కింది దవడలోనూ అంతే. కాయలో గింజల్లా ఒదిగి ఉన్నాయి. ఒళ్లు గగుర్పొడిచింది. రోజూ ముద్దలు పెడుతున్న నోట్లో ఇంత పని జరుగుతోందని నాకు తెలియనే తెలియదు. ఏ పన్ను ఎక్కడ మొలవాలో వాటికి ఎవరు చెప్పారు? పిల్లని నేనే కన్నాను కానీ, దాని లోపల ఇంత ఉందని ఆ రోజే చూశాను.

"ఇవి దిగేలోపు మానేస్తే చాలావరకు సర్దుకుంటాయమ్మా. లేకపోతే ఇవీ ఎత్తుగానే వస్తాయి" అంది డాక్టరమ్మ. "కారాలు మాత్రం రుద్దకండి. భయపడితే పిల్లలు వేలు ఇంకా వదలరు."

పిల్ల తెర దగ్గరికి జరిగింది. "అవన్నీ నావేనా?"

"నీవే తల్లీ."

"నేను వేలు పెడితే వాటికి నొప్పా?"

"నొప్పి కాదమ్మా, దారి తప్పుతాయి."

ఆటోలో వస్తున్నంతసేపూ పిల్ల బొటనవేలిని గుప్పిట్లో దాచుకుంది. మధ్యాహ్నం కల్లం పక్కన చాప మీద పడుకోబెడితే అటూ ఇటూ దొర్లింది. వేలు నోటి దాకా వెళ్లింది, ఆగింది, కిందికి దిగింది. పెద్దవాళ్లకే చేతకాని నిగ్రహం అంత చిన్నదానిలో చూసి దాని పక్కనే కూర్చుండిపోయాను.

"అమ్మా, నీ వేలు ఇవ్వవా?" అంది.

రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని వచ్చి వేలు అందించాను. దాన్ని గుప్పిట్లో బిగించి నిద్రపోయింది. ఆ తర్వాత మధ్యమధ్యలో తప్పి వేలు నోట్లో పెట్టుకుంది కూడా. అయినా వానలు మొదలయ్యేసరికి పూర్తిగా మానేసింది. పాలపన్ను ఊడిన చోట కొత్త పన్ను అంచు తొంగిచూసింది. కాస్త పక్కకి వాలినా, ఎత్తుగా రాలేదు.

ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు. ఇప్పటికీ పడుకునే ముందు నా బొటనవేలు పట్టుకుంటుంది. కాకపోతే ముందు ఒకసారి వాసన చూస్తుంది.