ఏనుగుకు ఎంత తూటా కావాలి

ఎల్బీనగర్‌లో కూర్చుని ఆఫ్రికా ఏనుగును ఏ తూటాతో కొట్టాలి అన్న విషయం మీద నాకున్నంత జ్ఞానం ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ ఉండదు. ఎవరికీ అక్కర్లేని జ్ఞానం. నాకు అసలే అక్కర్లేదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. బల్లి కనబడితే గది మారుస్తాను. అయినా ఏడు నెలలుగా రోజూ సాయంత్రం మా నాన్నతో ఏనుగుల గురించి, అడవిదున్నల గురించి గొడవపడుతున్నాను. గొడవపడకపోతే ఆయన మాట్లాడడు. మాట్లాడకపోతే తిరిగొచ్చిన నాలుగు మాటలూ మళ్ళీ పోతాయట.

నాన్నకు నిరుడు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది కానీ మాట పడిపోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. తెలివి ఎక్కడికీ పోలేదు. మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. కొత్తపేటలో మాటలు నేర్పే అమ్మాయి దగ్గరికి వారానికి రెండుసార్లు తీసుకెళ్ళేదాన్ని. ఆ అమ్మాయి బొమ్మల కార్డులు చూపించి, "తాతా, ఇదేంటో చెప్పండి. కు... కు..." అనేది. కార్డు మీద కుక్కపిల్ల. డెబ్బై ఆరేళ్ళ మనిషి ఆ కుక్కపిల్లను చూసి, నన్ను చూసి, మొహం గోడవైపు తిప్పుకునేవాడు. ఆరు వారాలు అట్లాగే నడిచింది. ఒక్క మాట లేదు.

మొదటి మాట ఆ అమ్మాయి దగ్గర కాదు, మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర వచ్చింది. ఆయనకు తోచడం లేదని ఫోన్లో ఏవో వీడియోలు పెట్టాను. తిప్పుతూ ఉంటే టోపీ పెట్టుకున్న ఒక తెల్లాయన వచ్చి, ప్రమాదకరమైన జంతువుల వేటకు నాలుగు వందల యాభై ఎనిమిది బోరు తూటా కంటే తక్కువది వాడేవాడు మూర్ఖుడు అన్నాడు. నాన్న చెంచా కింద పెట్టాడు.

"తప్పు," అన్నాడు.

నేను గిన్నె వదిలేసి ఏడ్చాను. ఆయన నా ఏడుపు పట్టించుకోలేదు. ఫోన్ వైపు వేలు చూపిస్తూ మళ్ళీ, "తప్పు. మూడు... మూడు డెబ్బై అయిదు," అన్నాడు.

దీనికి వెనక కథ ఉంది. నాన్న పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టనని మొండికేసి, పట్నం వచ్చి, తుపాకులూ తూటాలూ అమ్మే ఒక దుకాణంలో చేరాడు. ముప్పై ఎనిమిదేళ్ళు అక్కడే పనిచేశాడు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా తుపాకి పేల్చలేదు. కోడిని కోసే చోట నిలబడలేడు. కానీ వేటను చట్టం ఆపేశాక కూడా పాత జాగీర్దార్ల ఇళ్ళ ముసలాళ్ళు ఆ దుకాణానికి వచ్చి కుర్చీలు వేసుకుని కూర్చునేవారట. ఛాయ్ తెప్పించేది నాన్న. వాళ్ళ వేట ముచ్చట్లు వినేదీ నాన్నే. వినీ వినీ ఒక అభిప్రాయానికి వచ్చాడు. ఇక అంతే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ అభిప్రాయం ఇది. బోరు అంటే తుపాకి గొట్టం లోపలి వెడల్పు. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో మూడు వందల డెబ్బై అయిదు భాగాల వెడల్పున్న తూటా ఏనుగుకైనా చాలు. దాన్ని మించిందంతా డాంబికం. ఎందుకంటే పెద్ద తూటా భుజాన్ని గాడిదలా వెనక్కి తన్నుతుంది. ఒకసారి తన్ను తిన్నవాడు రెండోసారి మీట నొక్కేముందే భయంతో కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు మూసుకున్నవాడి గురి ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. గాయపడిన జంతువు ఎటు వస్తుందో కూడా చెప్పనక్కర్లేదు.

నాకేమో ఇందులో ఏ అభిప్రాయమూ లేదు. కానీ మాటలు నేర్పే అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. "మేడమ్, దేని గురించి అయినా సరే, రోజూ ఒక గంట మాట్లాడించండి. ఏనుగైతే ఏనుగు," అంది. కుక్కపిల్ల కార్డులు సొరుగులోకి పోయాయి. నేను నాలుగు యాభై ఎనిమిది పక్షాన వకీలునయ్యాను.

ఇక నా అవస్థ చూడండి. పొద్దున్నుంచి నాలుగు బ్యాచ్‌లకు పాఠం చెప్పి, గొంతు బొంగురుపోయి, మెట్రోలో నిలబడి వచ్చి, చెప్పులు విప్పేలోపే ఆయన కుర్చీలోంచి నన్ను చూస్తూ ఉంటాడు. తయారుగా. నేను మొహం కడుక్కుని వచ్చి మొదలుపెట్టాలి.

"నాయినా, బరువైన గుండు అయితేనే లోపలిదాకా పోతది. వేగం జర తక్కువైనా ఊపు ఎక్కువ. గిది ఫిజిక్స్."

"నీ... లెక్క," అంటాడు. ఆగుతాడు. మెడ నరాలు పొంగుతాయి. నేను సాయం చేయకూడదు, మాట అందించకూడదు. గోడ గడియారం చూస్తూ కూర్చోవాలి. "నీ లెక్క... కాగితం మీద. కాల్చేటోడు... భయపడితే... ఏడికి పోతది నీ లెక్క?"

ఇది నిన్న చెప్పిందే. మొన్న చెప్పిందే. పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టు, రోజూ అవే నాలుగు మాటలు. ఆయనకు పాతబడవు. నాకు తల ప్రాణం తోకకు వచ్చేది. ఒక రోజు పిల్లలకు ద్రవ్యవేగం చెబుతూ ఉదాహరణకు అడవిదున్న నుదురు అన్నాను. వెనక బెంచీ పకపకా నవ్వింది.

ప్రీ ఫైనల్ పరీక్షల వారం ఆలస్యమవుతుందని మా పై వాటాలో కిరాయికి ఉండే ఆయనను బతిమాలాను. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, తెనాలి వైపు మనిషి, మహా మర్యాదస్తుడు. ఏం అనాలో కాగితం మీద రాసిచ్చాను. ఏం జరిగినా ఒప్పుకోవద్దని రెండుసార్లు చెప్పాను. నేను వచ్చేసరికి నాన్న గోడవైపు తిరిగి ఉన్నాడు.

"ఏం జరిగిందండీ?" అన్నాను.

"ఏం లేదండీ. ఆయన మూడు డెబ్బై అయిదు అన్నారు. పెద్దాయన, జీవితమంతా అందులోనే ఉన్నారు కదా. మీరన్నదే కరెక్టండీ అన్నాను."

"నేను రాసిచ్చింది?"

"చదివానండీ. కానీ పెద్దవారిని మొహం మీద కాదనడం నాకు అలవాటు లేదండీ."

మూడు రోజులు నాన్న నోరు విప్పలేదు. ఒప్పుకున్న మనిషితో ఇంకేం మాట్లాడతాడు! నాలుగో రోజు నేను ఆ టోపీవాడి వీడియో మళ్ళీ పెట్టి, మూడు డెబ్బై అయిదు అనేది ఆడవాళ్ళ తుపాకి అంటున్నాడు చూడు అని అబద్ధమాడాను. అప్పుడు తిట్టాడు. నన్ను కాదు, టోపీవాణ్ణి. తిట్టు పూర్తిగా, తడబడకుండా వచ్చింది.

అట్లా చలికాలం గడిచింది. ఆయన వాక్యాలు పొడుగయ్యాయి. నా ఓపిక పొట్టిదయింది. ఇది దాచుకోవడం ఎందుకు? నాకు విసుగొచ్చింది. రోజూ సాయంత్రం ఆ కుర్చీని తలుచుకుంటే ఎల్బీనగర్ స్టేషన్‌లో దిగబుద్ధి అయ్యేది కాదు. ఒకసారి కావాలనే ప్లాట్‌ఫారం మీద అరగంట కూర్చుని వచ్చాను. ఇంకోసారి ఆయన మాట కోసం వెతుక్కుంటూ ఉంటే నేను పేపర్లు దిద్దుకుంటూ, ఆయన ఏం చెబుతున్నాడో వినకుండానే "కాదు" అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, అయినా వాక్యం పూర్తి చేశాడు.

పోయిన బుధవారం ఇంటికి వచ్చేసరికి నా తల పగిలిపోతూ ఉంది. రిజల్ట్స్ సరిగ్గా రాలేదని మా సెంటర్లో అందరి ముందూ చీవాట్లు పడ్డాయి. దారిలో వాన, కాలనీ మలుపు దగ్గర మోకాలి లోతు నీళ్ళు. తడిసిన చీరతోనే కుర్చీ లాక్కుని, "చెప్పు నాయినా, నాలుగు యాభై ఎనిమిదే మంచిది," అన్నాను. ఫ్యాన్‌తో చెప్పినట్టు చెప్పాను.

ఆయన చాలాసేపు మాట కోసం పెనుగులాడాడు.

"అవు," అన్నాడు. "నువ్వన్నదే... కరెక్టు."

ఏడు నెలల్లో మొదటిసారి గెలిచాను. ఒక్క క్షణం, దేవుడా, అయిపోయింది అనిపించింది. ఆ వెంటనే మళ్ళీ ఏమైనా వచ్చిందా అని ఆయన కుడిచెయ్యి పట్టుకుని చూశాను, మూతి వంకరపోయిందా అని చూశాను.

"అట్లెట్ల ఒప్పుకుంటవ్? భుజాన్ని తన్నుతది కదా? కండ్లు మూసుకుంటరు కదా?" అన్నాను.

చెయ్యి అడ్డంగా ఊపాడు. తరవాత ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు.

"రోజూ... నీ మొఖం సూస్తున్న. యాష్టకొస్తుంది... నీకు. నాకు... ఎరుకే. ఇగ... గా ముచ్చట... బంద్."

పక్షవాతం వచ్చాక తూటా సంగతి కాకుండా ఆయన మాట్లాడిన మొదటి మాటలు అవి. నా గురించి మాట్లాడాడు. నా విసుగు గురించి. అన్ని నెలలు నేను ఆయన నోటినే చూస్తూ కూర్చున్నాను. ఆయన నా మొహం చూస్తున్నాడని నాకు తట్టనే లేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. "యాష్ట లేదు, ఏం లేదు," అన్నాను. ఆయన నమ్మలేదు. "సరే, వచ్చింది. వస్తే వచ్చింది. నువ్వు మాత్రం మాట్లాడుడు ఆపకు నాయినా, నీ కాళ్ళు మొక్కుత," అన్నాను.

ఆలోచించాడు. నేను వేడినీళ్ళు పెట్టుకోవాలనీ బట్టలు మార్చుకోవాలనీ అన్నట్టు నా తడి కొంగు వైపు చూపించాడు. తరవాత, నిజంగానే తెలుసుకుందామన్నట్టు, అడిగాడు.

"మరి... ఏం మాట్లాడాలె, బిడ్డా?"

రోజుకు ఆరు గంటలు మాట్లాడి బతికేదాన్ని. నలభై మూడేళ్ళుగా ఆయన కూతుర్ని. తూటాను పక్కన పెడితే మా నాన్నతో మాట్లాడడానికి నా దగ్గర ఒక్క విషయం కూడా దొరకలేదు. ఆయన తొందరపెట్టలేదు. మాట అందించకుండా, నేనెట్లా కూర్చునేదాన్నో అట్లాగే, గడియారం చూస్తూ నాకోసం ఆగాడు.