ఆయిల్ ట్యాంకు కింది మట్టి

ఐర్లండులో మేముండే ములింగార్‌ ఊళ్లో, కరోనాకి లైబ్రరీ తలుపులు మూసేసిన రోజుల్లోనే నేను జీవితంలో అన్నిటికంటే ఎక్కువ చదివాను. ఫోన్ చేసి పుస్తకం పేరు చెబితే కాగితం సంచిలో పెట్టి, సంచి మీద మన ఇంటిపేరు రాసి, గుమ్మం దగ్గర బల్ల మీద ఉంచేవారు. మాస్కు పెట్టుకుని వెళ్లి తెచ్చుకోవడమే. తిరిగిచ్చిన పుస్తకాలను కొన్నాళ్లు విడిగా ఉంచితే గానీ ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. "పుస్తకాలకూ క్వారంటైనేనా!" అని మా ఆవిడ నవ్వేది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. నేను వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లను కనిపెట్టుకుని ఉండే కేరర్‌ని. డిగ్రీ రెండో ఏడాదిలో మానేసినవాణ్ణి. నాకు నాలుగు విషయాలు తెలుసంటే అది లైబ్రరీ కార్డు పుణ్యం. ఆ మాట ఎక్కడైనా గర్వంగా చెప్పుకుంటాను.

కరోనా వచ్చిన రెండో ఏడు వసంతంలో, మేం అద్దెకుంటున్న ఇల్లు అమ్మేస్తున్నామని ఓనర్లు కబురు పెట్టారు. వేసవి చివరికల్లా ఖాళీ చేయాలి. అద్దెకు ఇళ్లు దొరికేలా లేవు. కూడబెట్టిన డబ్బు డిపాజిట్టుగా కట్టి ఏదో ఒకటి కొనుక్కోక తప్పదు. వెతగ్గా వెతగ్గా ఊరికి కాస్త అవతల ఒక పాత బంగళా, ఇక్కడి లెక్కలో మేడ లేని చిన్న ఇల్లు, దొరికింది. యజమాని ఎనభై దాటిన ముసలాయన. ఒంటరి. కూతురి దగ్గరికి వెళ్లిపోదామనుకుంటున్నాడు. ఇంటి వెనక పెద్ద పెరడు. ఫొటోలు చూసిన సాయంత్రమే మా ఆవిడ ఆ పెరట్లో గోంగూర ఏ మూల, కొత్తిమీర ఏ మూల అని నిర్ణయించేసింది. కరోనా ఆంక్షల వల్ల ఇల్లు చూడకుండానే బేరం పెట్టాం, ఒప్పుకున్నారు. కాంట్రాక్టు మీద సంతకాలే మిగిలాయి.

అక్కడ మునిసిపాలిటీ నీళ్లు రావు. పెరట్లో బోరుంది. ఈ దేశపు పల్లె ఇళ్లన్నిటిలాగే చలికాలం వెచ్చదనానికి కిరసనాయిలు మండిస్తారు. దానికోసం పెరట్లో ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. బోరూ ట్యాంకూ ఒకే పెరట్లో ఉన్నాయని విన్నాక నేను ఊరుకుంటానా? నేల కాలుష్యం మీద లావుపాటి పుస్తకం ఒకటి తెప్పించుకున్నాను. స్థలం కొనేముందు అక్కడ ఇదివరకు ఏం నిలవ చేశారో అడగాలి, గడ్డి రంగు చూడాలి, మరకలు చూడాలి, అనుమానం వస్తే మట్టిని ల్యాబుకు పంపాలి. ముక్కును మాత్రం నమ్ముకోవద్దని కూడా అందులో ఉంది. ఆ పేజీ నేను చదివాను. చదివి, అది ముక్కు సరిగా లేనివాళ్ల కోసం రాసిన మాట అనుకున్నాను. పప్పు ఉడికిందీ లేనిదీ వీధి గుమ్మంలో నిలబడి చెప్పగల వంశం మాది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ జనవరిలో మా ఆశ్రమంలో సగం మందికి వచ్చినట్టే నాకూ కరోనా వచ్చింది. వాసన పోయింది. మా ఆవిడ రోజూ పొద్దున్నే లవంగం, నిమ్మతొక్క ముక్కు దగ్గర పెట్టి పరీక్ష చేసేది. ఆవిడ మొహంలో దిగులు చూడలేక మూడో వారంలో, అన్నిటికీ బాగుందనడానికి ఇక్కడివాళ్లు వాడే మాటతో, "వచ్చేసింది, గ్రాండ్!" అనేశాను. అబద్ధం అనుకోలేదు. కాఫీ సీసా మూత తీస్తే వాసన వచ్చినట్టే ఉండేది. అది ముక్కు చెప్పిందో, సీసా మీది చీటీ చెప్పిందో నేను విచారించలేదు.

ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు మా ఆవిడ వంటింట్లో ప్రెస్సుల (ఇక్కడ అల్మారాల్ని అలాగే అంటారు) తలుపులు ఒక్కొక్కటే తెరిచి గిన్నెలు ఎక్కడ పడతాయో చూసుకుంటోంది. నేను ట్యాంకు దగ్గర గొంతుక్కూర్చున్నాను. దాని చుట్టూ గడ్డి ఆకుపచ్చగా ఉండాల్సింది పోయి పసుపు రంగులో ఉంది. ముసలాయన దూరంగా కర్ర మీద ఆనుకుని, "నీడ కదా, అక్కడ గడ్డి రాదు" అన్నాడు. నేను పిడికెడు మట్టి తీసి, మాస్కు కిందికి లాగి, గట్టిగా పీల్చాను. ఏ వాసనా లేదు. ఎంత మంచి మట్టో అనిపించింది. మెంతులు చల్లి చూస్తానని అక్కడిదీ, పెరటి చివరిదీ కాస్త కాస్త అడిగితే, "పెరడంతా పట్టుకెళ్లు" అని నవ్వాడు. మట్టి సంచుల మూతులు ముడేసి డిక్కీలో పెట్టి, కారెక్కగానే మా ఆవిడతో, "మట్టి బంగారం. పూచీ నాది" అన్నాను.

మర్నాడు ఆవిడ డ్యూటీకి వెళ్లాక రెండు పెరుగు డబ్బాలు తీసుకున్నాను. ఒకదాంట్లో ట్యాంకు కింది మట్టి, ఒకదాంట్లో పెరటి చివరి మట్టి. రెండింట్లో మెంతులు చల్లి కిటికీలో పెట్టాను. ఆవిడ సాయంత్రం వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవండీ, కిరసనాయిలు స్టవ్వు ఎవరు వెలిగించారు?"

"ఈ దేశంలో కిరసనాయిలు స్టవ్వు ఎక్కడిదే?"

"మా అమ్మమ్మ పంపు స్టవ్వు వాసనండీ! ఇల్లంతా కొడుతుంటే మీకు తెలీట్లేదా?" ముక్కు ఎగబీలుస్తూ కిటికీ దాకా వెళ్లి మొదటి డబ్బా ఎత్తింది. "ఇదేం వాసన? చెప్పండి."

"మట్టి వాసన."

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత మసాలాల ప్రెస్సు తెరిచి, "కళ్లు మూసుకోండి" అంది. ఏదో డబ్బా మూత తీసిన చప్పుడు వినబడింది. ముక్కు కింద పెట్టింది. నేను ధీమాగా, "కాఫీ" అన్నాను.

కళ్లు తెరిచి చూస్తే ఇంగువ.

"ఇంగువని కాఫీ అన్న మనిషి నేలకి పూచీ ఇచ్చాడు!" అని ఆవిడ కుర్చీలో కూలబడింది. "మరి మొన్న పప్పు మాడిపోతే బ్రహ్మాండం అన్నారే? నేనింకా ప్రేమనుకున్నా."

"ప్రేమే. దాంతోపాటు ముక్కు కూడా లేదు."

నవ్వింది, కోప్పడింది. ఆశ్రమంలో ఏదైనా కాలుతుంటే ఎలా తెలుస్తుందని నర్సులా నిలదీసింది. మర్నాడే మా డాక్టరు జీపీకి ఫోన్ చేయించింది. అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "అయితే ఆ ఇల్లు వద్దా అండీ?" అంది. కిరసనాయిలు కారిందని మాత్రం తెలిసింది. ఎంత దూరం పోయిందో తెలియదు. బోరు దాకా పోయి ఉంటే ఆ ఇంటి నీళ్లు తాగలేం, ఆ పెరట్లో ఒక ఆకు పెంచలేం.

అప్పుడు పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి, ఈసారి తలవంచుకుని చదివాను. నూనె కిందికి దిగుతుంది, నీళ్లు తగిలితే వాటి పైన తేలుతూ వాలు వెంట పోతుంది. ఆ పెరట్లో వాలు బోరు వైపే ఉంది. ఆ ఇల్లు అమ్మిపెడుతున్న ఏజెంటుకు ఫోన్ చేసి సంగతి చెబితే, "అబ్బే, గ్రాండ్‌గా ఉంటుందిలెండి" అన్నాడు. గ్రాండ్ అని ల్యాబు వాళ్లను కాగితం మీద రాసిమ్మనండి, అన్నాను.

ఏజెంటు చెప్పినట్టున్నాడు, గంటలో ముసలాయనే స్వయంగా ఫోన్ చేశాడు. ఆ చలికాలం ఆయిలు తొందరగా అయిపోతుంటే, కరోనాకి బయటికి పోకుండా పగలంతా హీటింగు వేసుకుని కూర్చున్నందుకే అనుకున్నాడట. "అయితే నేను రోజూ దాంతోనే టీ కాచుకుంటున్నానా, కుర్రాడా?" అన్నాడు. నాకప్పటికి నలభై నాలుగేళ్లు. పరీక్ష అయ్యేదాకా ఆ నీళ్లు తాగొద్దని చెప్పాను. ఆదివారం జూమ్‌లో చర్చి ప్రార్థన కాగానే మేమిద్దరం నీళ్ల సీసాల కట్టలు కొని ఆయన గేటు దగ్గర దించి, కిటికీలోంచి చెయ్యి ఊపి వచ్చేశాం.

ఆయన ఇన్సూరెన్సు వాళ్లు ఒక ఇంజినీరమ్మాయిని పంపారు. పొడవాటి మర లాంటి పనిముట్టుతో నేలలో చిన్న చిన్న బెజ్జాలు చేసి, గాజు సీసాల్లో మట్టి, బోరు నీళ్లు తీసింది. వాలుకు ఎగువన కూడా ఒక నమూనా తీస్తారు కదా, పోల్చుకోడానికి, అని అడిగాను. ఆమె తలెత్తి, "మీరూ ఈ పనిలోనేనా?" అంది.

"లైబ్రరీలో" అన్నాను. మా ఆవిడ మాస్కు వెనక నవ్వడం కళ్లలో కనబడింది.

ఫలితాలకు మూడు వారాలు పట్టింది. మేం చూసిన ఇంకో రెండు ఇళ్లు ఈలోపు ఎవరో కొనేసుకున్నారు. మా ఆవిడ గోంగూర మాట ఎత్తడం మానేసింది. కిటికీలో పెరటి చివరి మట్టిలో మెంతులు గుబురుగా లేచాయి. కిటికీ బయటికి మార్చిన ట్యాంకు మట్టిలో నాలుగే మొలకలు వచ్చి వంకర తిరిగాయి. వాటిని చూసి ఆవిడ ఆ డబ్బాకి మూత పెట్టి దూరంగా తీసుకెళ్లి పెట్టింది.

చివరికి రిపోర్టు వచ్చింది. ట్యాంకు అడుగున పగులు. దాని కింద మోకాలి లోతు దాకా, పక్కకు నాలుగడుగుల దాకా మట్టి పాడైంది. బోరు దాకా చేరలేదు. నీళ్లు శుభ్రం. ముసలాయన ఆ రోజు రెండు కప్పుల టీ తాగానని ఫోన్ చేసి మరీ చెప్పాడు. పాడైన మట్టి తవ్వి లారీలో తీసుకుపోయారు. కొత్త మట్టి పోసి, కాంక్రీటు దిమ్మె మీద రెండు పొరల ట్యాంకు పెట్టారు. మళ్లీ పరీక్ష చేసి, రెండో రిపోర్టు ఇచ్చారు. మా ఇంటి ఓనర్లు ఇంకో నెల గడువిచ్చారు.

సంతకాల రోజున లాయరమ్మ గదిలో ప్లాస్టిక్ అద్దం అవతల నుంచి కాగితాలు తోసింది. నేను కళ్లజోడు పెట్టుకుని రెండో రిపోర్టు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. నాలుగో పేజీలో ఉండగా పక్కన పెన్ను చప్పుడైంది. మా ఆవిడ సంతకం పెట్టేసి పెన్ను నా ముందు పెట్టింది.

"మొత్తం చదవకుండానే?" అన్నాను.

"రాత్రి మీరు నిద్రపోయాక రెండుసార్లు చదివానండీ. నీళ్ల పేజీ అయితే మూడుసార్లు. ఇక మీరు పెట్టండి."

పెట్టాను.