గ్రీన్ అన్నవాడు

రైలు బిలాస్‌పూర్ వదిలాక మలుపులో సిగ్నల్ కనబడగానే, కిటికీ పక్కనున్న పెద్దాయన "గ్రీన్" అని పైకి అని, ఎవరో బదులిస్తారన్నట్టు ఆగాడు. ఏమిటండీ అన్నాను.

"ఇంజన్లో డ్రైవరూ అసిస్టెంటూ అలా చెప్పుకోవాలి బాబూ. ఆరోజు డ్రైవర్ని నాను గ్రీనన్నాను, నా అసిస్టెంటు, ఆడూ గ్రీనన్నాడు. ముందు బండిని గుద్దేసాక, కోర్టులో మాత్రం సిగ్నల్ రెడ్ అన్నాడు. ఏడేళ్లు జైల్లో ఉన్నాను."

"అతన్ని మళ్లీ చూశారా?"

"చంపేద్దామనే ఇయాల బిలాస్‌పూర్ పక్కన తిఫ్రాలో ఆడింటికి ఎల్లాను. మంచం మీదున్నాడు, చూపు పోయింది. గుమ్మంలో నిలబడి గ్రీనన్నాను. ఎంటనే ఆడూ గ్రీనన్నాడు, నా పేరు పెట్టి పిలిసి ఏడిసాడు. ఏటి సెయ్యను? ఇనడానికి జడ్జీ లేడు, నానొక్కణ్నే."

తర్వాతి మలుపులో ఆయన మళ్లీ అన్నాడు. నేనూ "గ్రీన్" అన్నాను. ఆయన చెయ్యి చాలాసేపు నా చేతి మీదే ఉండిపోయింది.