మా మావయ్యగారి గాలి జాకీలు

మా మావయ్యగారు సన్యాసిరావు గారు పరమపదించారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి చెయ్యి ఆడక ఇన్నాళ్ళూ కాగితం ముందు ఊరికే కూర్చున్నాను. కార్తీకమాసపు తొలి రోజుల్లో, తులసికోట దగ్గర దీపం పెట్టి, ఆయనకు కాఫీ తీసుకెళ్ళాను. నాకంటే ముందే లేచి వీధి గుమ్మంలో కూర్చునే మనిషి ఆ వేళ ఇంకా గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పిలిచాను. మళ్ళీ పిలిచాను. నిద్రలోనే స్వామి సన్నిధికి చేరుకున్నారని అర్థమయ్యేసరికి నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. అనాయాస మరణం పుణ్యాత్ములకే లభిస్తుందని పెద్దలంటారు. ఆ మాట పోయినవారి విషయంలో నిజమే కావచ్చు. ఉన్నవారికి అదేమీ ఊరట కాదు.

ఆయన ఎలమంచిలి దగ్గరి వ్యవసాయ కుటుంబంలో పుట్టి, యౌవనంలోనే విశాఖ వచ్చి, పోర్టులో ఫిట్టరుగా జీవితకాలం పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. విశ్రాంతి అని లోకాచారానికి అన్నానుగానీ, ఆయన దాన్ని ఎరగరు. మద్దిలపాలెంలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో, తొంభైల తొలినాళ్ళ నుంచీ స్వహస్తాలతో ఒక కారు నిర్మించారు. మామూలు కారు కాదు. విదేశాల్లో కోటీశ్వరులు నడిపే సూపర్‌కారు వంటిది. ఇనుప గొట్టాలు అతికి అస్థిపంజరం తయారుచేసుకున్నారు. ఎక్కడో గుద్దుకుని పాడైన విదేశీ కారు ఇంజను తెచ్చి వెనకభాగంలో అమర్చారు. చేపలరేవులో పడవలకు ఫైబరు పూత వేసే పనివాళ్ళను బతిమాలి పైతొడుగు పోయించారు. అందుకేనేమో దాని ముక్కు కొంచెం పడవ ముక్కులాగే ఉంటుంది.

నేను గోదావరి జిల్లా నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు బడి గుమ్మం తొక్కని పిల్లను. మా తాతగారు వీధరుగు మీద కూర్చోబెట్టి చెప్పిన చదువే నా చదువు. ఆ సంగతి ఎవరైనా అడుగుతారేమోనని ముడుచుకుపోయి ఉండేదాన్ని. వచ్చిన కొత్తలోనే మావయ్యగారు అడగనే అడిగారు.

“నీకు సదువు ఎవులు సెప్పినారమ్మా?”

“తాతగారండీ. ఇంట్లోనే.”

ఆయన షెడ్డువైపు చెయ్యి చూపించి, “మా బండీ ఇంట్లో సదువుకున్నదే. మీ ఇద్దరికీ సర్టిఫికెట్టు నేదు. పద, ఈ లైటు పట్టుకో” అన్నారు.

ఆ క్షణం నుంచి ఆ ఇల్లు నా ఇల్లయింది. ఉక్కు కర్మాగారంలో షిఫ్టులకు వెళ్ళే మా వారికి తండ్రి పనిమీద అంత ఆసక్తి లేకపోవడంతో, షెడ్డులో లైటు పట్టుకునే అధికారం నాకే సంక్రమించింది. ఆ అధికారానికి నేను ఈనాటికీ కృతజ్ఞురాలిని.

ఆ కారు నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున ఉండేది. మామూలు జాకీ దాని కిందకు దూరదు. కాబట్టి ఏ చిన్న పనికైనా ముందు గడ్డపారతో ఒక పక్క ఎత్తి, చెక్క దిమ్మలు తోసి, ఆపైన జాకీ తిప్పాలి. ఆయనకేమో నడుము నొప్పి ముదిరింది. అంతకంటే పెద్ద కష్టం అత్తయ్యగారి భయం. ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు లారీ డ్రైవరు. ఎలమంచిలి దాటిన తరవాత రోడ్డుపక్కన లారీ ఆపి కిందకు దూరితే జాకీ జారింది. అంతే. మావయ్యగారు కారు కిందకు వెళ్ళినప్పుడల్లా ఆవిడ అన్నం గిన్నె పొయ్యి మీద వదిలేసి షెడ్డు గుమ్మంలో వచ్చి నిలబడేవారు. చివరికి ఒకనాడు తేల్చి చెప్పేశారు.

“మా తమ్ముడు అలగే కిందకెల్లి మరి రానేదు. మీరూ అలగే ఎల్తారేటి? బండైనా ఉండాలి, నానైనా ఉండాలి.”

మావయ్యగారు చేతులు తుడుచుకుని, ఎంతో నెమ్మదిగా అన్నారు. “గాలితో లేపుతాను రత్నం. దిమ్మలొద్దు, తిప్పుడొద్దు. లేపి, ఇనప తొడుగులు ఏసీసినాకే సెయ్యెడతాను. ఆ గాలి జాకీ ఒక్కసారి దిగిపోనాదంటే మరి బండి ముట్టుకోను. అప్పన్న సాచ్చి.”

సింహాద్రినాథుణ్ణి సాక్షిగా పిలిచి అన్న మాట. ఆ ఇంట్లో దానికి తిరుగులేదు.

ఊళ్ళోకి కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో ఏదో దేశపు కార్ల పందెంలో ఆయన ఆ సంగతి చూశారు. పరిగెత్తుకొచ్చిన కారుకు ఒక మనిషి గాలి పైపు తగిలిస్తే, కారు కడుపులోంచి మూడు నాలుగు కాళ్ళు చాచి, రెప్పపాటులో అదే లేచి నిలబడింది. అప్పటి నుంచి ఆయనకు అదే ధ్యానం. పాత సామాన్ల దుకాణాల్లో వెతికి గాలితో నడిచే లావుపాటి సిలిండర్లు మూడు సంపాదించారు. మూడే ఎందుకని అడిగాను. “ముక్కాలిపీటకి ఏ నేలైనా ఒకటే అమ్మా. నాలుగు కాళ్ళ మంచమే ఊగుతాది” అన్నారు. ముందు ఒకటి, వెనక రెండు. ప్రతి సిలిండరులోంచీ అద్దంలా మెరిసే కడ్డీ ఒకటి కిందకు దిగి నేలను తన్నుతుంది. కారు లేవగానే కడ్డీ చుట్టూ, ఒక పక్క తెరిచి ఉన్న ఇనుప తొడుగు బిగిస్తే, గాలి పోయినా కారు కిందకు రాదు. పని మొదలుపెట్టే ముందు “తొడుగు పడిందా?” అని ఆయన అడగాలి, “పడింది” అని నేను చెప్పాలి. సంధ్యావందనంలో ఆచమనం లాగ, అది లేనిదే తరవాతి మంత్రం లేదు.

మొదటి పరీక్ష నవ్వులపాలైంది. సిలిండర్లను కారు అడుగు రేకుకే బిగించారు. పక్కింటి ఈశ్వర్రావు గారు, మావయ్యగారితో పాటు పోర్టులో పనిచేసిన మిత్రులు, వేడుక చూడడానికి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పంక్చరు షాపువాళ్ళు మానేసిన పాత కంప్రెసరు దడదడలాడింది. గాలి వదిలారు. కారు కదలలేదు. లోపల సీటు పక్క రేకు మాత్రం పైకి ఉబ్బింది.

“బావ, కారు లెగనేదు గానీ పూరీ బాగా పొంగినాది” అన్నారు ఈశ్వర్రావు గారు.

“అలగైతే కూర తెచ్చుకో, తినీసి ఎల్దువు” అన్నారు మావయ్యగారు. ముఖంలో చిన్నబోవడం లేదు. పైకి ఉబ్బిన రేకును వేళ్ళతో తడిమి, నావైపు తిరిగి, “బలం ఉన్నకాడ పట్టుకుని ఎత్తాలమ్మా. మెత్తగా ఉందని ఎత్తితే సిరిగిపోతాది” అన్నారు. సిలిండర్లు ఊడదీసి, అస్థిపంజరపు గొట్టాల మధ్య అడ్డంగా కొత్త గొట్టాలు అతికి, వాటికి బిగించారు. పిల్లల్ని పెంచేటప్పుడు ఆ మాట నాకు ఎన్నిసార్లు ఉపకరించిందో ఆ భగవంతునికే తెలుసు.

రెండోసారి గాలి వదిలినప్పుడు కారు ఒక్క నిట్టూర్పుతో జానెడు పైకి లేచింది. మోకాళ్ళ మీద కూర్చున్న ఏనుగు లేచినట్టు. తొడుగులు వేశాం. గాలి తీసేశాం. నిలబడే ఉంది. అత్తయ్యగారు చుట్టూ తిరిగి చూసి, కొంగుతో కళ్ళు అద్దుకుని, “బాగుంది” అన్నారు. అంతకు మించిన ప్రశంస ఆవిడ నోట వినలేదు.

ఆ ఏడు దసరాకు ఆవిడే స్వయంగా బండి పూజకు పూనుకున్నారు. భయపెట్టిన వస్తువును చేరదీసుకోవడం ఆవిడ పద్ధతి. మావయ్యగారు కారును లేపి ఉంచి, నిమ్మకాయలూ గుమ్మడికాయా తేవడానికి బజారుకెళ్ళారు. అత్తయ్యగారు పీట వేసుకుని, గడపకు పూసినట్టు, మూడు కడ్డీలకూ చిక్కగా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. నేను ప్రసాదం వండుతున్నాను. మావయ్యగారు వచ్చేసరికి హారతి నడుస్తోంది. నడుము వంచి కిందకు చూడగలిగే స్థితి ఆయనకు లేదు. కొబ్బరికాయ కొట్టి, కారు దింపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అంతా శుభంగా జరిగింది.

భోజనాల తరవాత బంధువులు చూస్తామన్నారు. ఊరికే చూపించడానికే కదా అని తొడుగులు లేకుండా కారును లేపారు. అందరూ మురిసిపోతూ ఉండగా, వెనక ఎడమ పక్క సన్నగా బుసకొట్టింది. చూస్తూ ఉండగానే ఆ మూల కుంగి, కుంగి, నేలకు ఆనింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, అప్పన్న దయ. కానీ అత్తయ్యగారి ముఖం తెల్లబోయింది. మావయ్యగారే గాలి పైపు ఊడదీసి చుట్టపెట్టి, “నా మాట నాకు గురుతుంది” అని కారు మీద టార్పాలిన్ కప్పేశారు.

కొన్నాళ్ళకు, కారణం తెలియకపోతే నిద్ర పట్టడం లేదని, బండిని బాగుచేయడానికి కాదు సుమా, కారణం చూడడానికే అని నాకు మరీ మరీ చెప్పి, ఈశ్వర్రావు గారి చేత ఆ ఎడమ జాకీ ఊడదీయించారు. ఈశ్వర్రావు గారు వెళ్ళాక విప్పి చూశాం. లోపల గాలి పోకుండా ఆపే రబ్బరు సీలు అంచున పచ్చగా గట్టిపడిన పొర. ఎండిన పసుపు కడ్డీతో పాటు లోపలికెళ్ళి రబ్బరును గీరేసింది. ఆయన గుడ్డతో దాన్ని తుడిచి, ఆ గుడ్డను షెడ్డు మూలకు తోసేశారు.

“అత్తయ్యగారికి చెప్పండి మావయ్యగారూ. జాకీ లోపం కాదని తెలిస్తే ఆవిడే మాట వెనక్కి తీసుకుంటారు” అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. “సెప్తే ఏటవుతాది? బండి లెగుతాది. మీ అత్త మళ్ళీ పసుపు గిన్నె పట్టుకున్నప్పుడల్లా సెయ్యి వణుకుతాది. ఆవిడ పూజ వల్లే కీడు వొచ్చినాదని అనుకుంటాది. ఇనుము బాగుసెయ్యగలను గానీ, అది బాగుసెయ్యగలనేటి? నువ్వూ సెప్పకు.”

కొత్త సీలు వేయించి, జాకీని యథాస్థానంలో బిగింపించి, మళ్ళీ టార్పాలిన్ కప్పారు. పదేళ్ళ తపస్సు అలా ముసుగులో ఉండిపోయింది. ఆయన పొరుగువాళ్ళ మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేస్తూ కాలం గడిపారు. షెడ్డు వైపు చూడకుండా పెరట్లోకి వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. మాట ఇచ్చాను గనుక నోరు మెదపలేదు.

మరుసటి దసరా వచ్చింది. పూజ గిన్నెలు పట్టుకుని అత్తయ్యగారు తిన్నగా షెడ్డులోకి వెళ్ళి టార్పాలిన్ లాగేశారు.

“ఏటండీ, ఈ ఏడు బండికి పూజ నేదేటి?”

“నాను ముట్టుకోనని సెప్పినాను కదా రత్నం.”

“మీరు ముట్టుకోకండి. ఎటు తిప్పాలో సెప్పండి, నాను తిప్పుతాను.”

కంప్రెసరు నేను వేశాను. గాలి వదిలే మర ఆవిడ తిప్పారు. కారు లేచింది. “తొడుగు పడిందా?” అని ఆయన అలవాటు కొద్దీ అడిగారు. వేశాను. అప్పుడు ఆవిడ పీట మీద కూర్చుని, కడ్డీలను ముట్టుకోకుండా, చెయ్యి బాగా పైకి చాచి, కదలని సిలిండరు గొట్టాల మీద ఒక్కొక్క చిన్న బొట్టు పెట్టారు. మావయ్యగారు గోడ పట్టుకుని, నొప్పి ఓర్చుకుని, కిందకు వంగి చూశారు. ఆవిడ లేచి, “మీ మాట నాను తీసీసుకున్నాను. ఎల్లి పన్జూసుకోండి” అన్నారు. పసుపు గురించి ఆ దంపతులు అప్పుడూ మాట్లాడుకోలేదు, ఆ తరవాతా మాట్లాడుకోలేదు.

కాగితాలు లేని బండి గనుక ఊరి రోడ్డు ఎక్కించడం ఆయనకు సమ్మతం కాదు. కారు పూర్తయ్యాక, తెలిసినవారి లారీ మీద రుషికొండ తీసుకెళ్ళి, ఇళ్ళు ఇంకా కట్టని ఒక లేఅవుటు రోడ్డులో నడిపారు. ఉన్న రెండు సీట్లలో రెండోది అత్తయ్యగారిది. ఎలా ఉందని అడిగితే, “నేల మీద కూకుని సముద్రం కాడికి ఎల్నట్టుంది” అన్నారు. మావయ్యగారు ఆ పూటంతా నవ్వుతూనే ఉన్నారు.

ఈ వ్యాసం రాస్తున్నానని, పసుపు సంగతి రాయవచ్చునా అని నిన్న అత్తయ్యగారిని అడిగాను. “రాయి. ఆ రెండో దసరాకి ముందు శ్రావణంలోనే, షెడ్డు తుడుత్తంటే పసుపంటిన గుడ్డ దొరికినాది. నా సేత్తో నూరిన పసుపు నాకు తెల్దేటి?” అన్నారు. మరి ఆయనతో ఎందుకు అనలేదని అడిగాను. “ఆయన దాసినాడు కదే. నాను బయటెడితే ఆయన దాసినదంతా ఏటైపోతాది?” అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

నా వంటి అల్పురాలికి అటువంటి ఇంట్లో చోటిచ్చిన స్వామికి నమస్కరిస్తున్నాను. మావయ్యగారి పాదాలకు నమస్కరిస్తున్నాను. మనుషులు పోతూనే ఉంటారు, ఇళ్ళు నడుస్తూనే ఉంటాయి, కాదనను. మా ఇంట్లో పొరపాట్లు దిద్దేవారు ఇంకా ఉన్నారు. పొరపాటు చేసిన మనిషికి తెలియనివ్వకుండా దిద్దే మనిషే లేరు.