పక్క మంచం చీటీ చదవని మనిషి

మా సార్ పోయారన్న సంగతి నాకు ఆస్పత్రి నోటీసు బోర్డులో తెలిసింది. గోడకు వేలాడే బోర్డు కాదు, మా కంప్యూటర్లలో మాత్రమే కనిపించే పేజీ. డ్యూటీకి రాగానే అందరం దాన్ని తెరుస్తాం. ఆ రోజు పైన జనరేటర్ సర్వీసింగ్ నోటీసు, కింద క్యాంటీన్ వేళల మార్పు, మధ్యలో రెండు లైన్లు. 'మన టోకెన్ కౌంటర్ ఉద్యోగి నిన్న సాయంత్రం గుండెపోటుతో మరణించారు. వారి ఆత్మకు శాంతి కలగాలి.' అసలు ఆ పేజీని తయారుచేసిందే ఆయన. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. నేనూ చెప్పలేదు. ఏడుపు రాలేదు. చల్లారిన టీ ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

కరీంనగర్‌లోని ఈ ప్రైవేటు ఆస్పత్రిలో చేరి నాకు తొమ్మిదేళ్లు. మాది వేములవాడ దగ్గర, మరమగ్గాల మీద బతికే ఊరు. ఇంటర్నెట్, ఇంట్రానెట్, ఎక్స్‌ట్రానెట్ తేడాలను డిగ్రీలో ఐదు మార్కుల కోసం బట్టీపట్టిన మనిషిని. కంప్యూటర్ రూమ్ ఇన్‌చార్జిగా ఉన్న సార్ మొదటి రోజే అది అడిగారు. గడగడా అప్పజెప్పాను. ఆయన నవ్వి, "చెప్పులేస్కో. జర తిరిగొద్దాం పా" అన్నారు.

ముందు గేటు బయటికి తీసుకెళ్లారు. ఆటోలు, సోడా బండి, బస్సు కోసం చూసే జనం. "గిది ఇంటర్నెట్. ఎవలన్న రావచ్చు, ఎవలన్న పోవచ్చు. ఎవడు ఏం వింటుండో మనకెర్క లేదు." తర్వాత లోపలికి, నర్సులు కేస్ షీట్లు రాసుకునే చోటికి. "గిది ఇంట్రానెట్. బయట ఉన్నసొంటి మిషన్లే, గసొంటి తీగలే. కాని గేటు లోపట. మనోళ్లకే." చివరికి వార్డు తలుపు దగ్గర ఆగారు. టిఫిన్ క్యారియర్ పట్టుకున్న ఒకామె వాచ్‌మన్‌కు అటెండెంట్ పాసు చూపిస్తోంది.

"ఈమె బయటి మనిషే. అయినా లోపటికి వస్తది. ఎక్కడి దాక?"

"వార్డు దాకా సార్."

"కాదు బిడ్డా. వాళ్లాయన మంచం దాక. పక్క మంచం చీటీ సదివేది లేదు. గది ఎక్స్‌ట్రానెట్."

మాకు రోగులను పంపే చిన్న చిన్న క్లినిక్‌లు ఆదిలాబాద్ వైపు చాలా ఉండేవి. తాము పంపిన రోగుల రిపోర్టులు మాత్రం వాళ్లు అక్కడి నుంచే చూసుకునేలా సార్ ఏర్పాటు చేశారు. ఒక్కో క్లినిక్‌కు ఒక్కో ఐడీ, అంటే ఒక్కో పాసు. మా సొంత ఐడీలతో తెరిస్తే మాత్రం అన్ని మంచాల చీటీలూ కనిపిస్తాయి.

సార్ చొక్కా జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ ఒక ప్లాస్టర్ చుట్ట ఉండేది, గాయాలకు వేసేది. దాన్ని ముక్కలు చించి తీగలకు చుట్టి, మీద తెలుగులో రాసేవారు: 'ఇంటి తీగ', 'బజారు తీగ', 'పాసు తీగ'. "మీ తీగలకేం దెబ్బలు తాకినయ్ సార్?" అని నర్సులు ఆట పట్టించేవాళ్లు. ఇంకో అలవాటు, ఏ రిపోర్టు ఎవరికి పంపాలన్నా "ఈ మాట ఎవలది?" అని, అంటే ఆ సంగతి ఎవరి సొంతం అని, అడగడం. నాకు విసుగొచ్చేది. ఇంత చిన్నదానికి ఇన్నిసార్లు అడగాలా అనుకునేదాన్ని.

ఇచ్చోడలో ఒక క్లినిక్ ఉండేది. అక్కడి ల్యాబ్ అతను నన్ను అక్కా అని పిలిచేవాడు. ఏటా సీతాఫలాల కాలంలో ఒక బుట్ట బస్సు కండక్టర్‌కు అప్పజెప్పి పంపేవాడు. నేను బస్టాండుకు వెళ్లి తెచ్చుకునేదాన్ని. ఒకరోజు ఫోన్ చేశాడు. "అక్కా, మా ఐడీ పన్జేస్తలేదు. పేషెంటు ముందట కూసున్నడు. జర నీదియ్యి, ఒక్క పారి." సార్ భోజనానికి వెళ్లారు. మనవాడే కదా, పండ్లు పంపే మనిషికి లేదని ఎలా చెప్పాలని, నా ఐడీ, పాస్‌వర్డ్ చెప్పేశాను. మార్చుకోవడం మర్చిపోయాను. వాడు దాన్ని కాగితం మీద రాసి గోడకు అంటించాడట.

మూడు వారాల తర్వాత ఒక పెద్దమనిషి మా కౌంటర్ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇచ్చోడలో ఒక హాస్టల్లో వంట చేస్తాడు. టీబీ అనుమానంతో ఊరి క్లినిక్‌కు పోకుండా నేరుగా మా దగ్గరికి వచ్చి పరీక్ష చేయించుకున్నాడు. అతను గొంతు పెంచలేదు.

"ఊళ్లె తెల్వొద్దనే ఇంత దూరమొచ్చిన. నా చేతికి కాయితం రాకముందే ఊరంత ఎర్కైంది. వంటకు రావొద్దన్నరు."

ఎంక్వైరీ పెట్టారు. ఆయన రిపోర్టును ఇచ్చోడ క్లినిక్‌లో తెరిచారని, చూసింది నా ఐడీతో అని తేలింది. నేను చేరి ఏడాది కూడా కాలేదు, పర్మనెంటు కాలేదు. నోరు తెరవబోయేలోపే సార్ అన్నారు, "ఆమె ఐడీ నా చేతుల్నే ఉంటది. నేనే చెప్పిన." మెట్ల దగ్గర ఆయన వెంటపడ్డాను. "నిన్నయితే తీసేస్తరు. నన్నయితే పక్కకు జరుపుతరు. ఇంతే తేడా. ఇగ ఈ మాట ఎత్తకు." అంతే, ఎత్తలేదు. ఆయనను టోకెన్ కౌంటర్‌కు మార్చారు. కొన్నాళ్లకు ఆయన కుర్చీ నాకిచ్చారు. సిగ్గు లేకుండా కూర్చున్నాను.

కంప్యూటర్ రూమ్‌లోకి బయటివాళ్లు రావాలంటే రిజిస్టర్‌లో రాసి రావాలన్న నిబంధన సార్ పెట్టిందే. టోకెన్ కౌంటర్‌కు మారినప్పటి నుంచి ఆయనా రాశారు. నాకు ఏదైనా తెలియక పిలిస్తే, చెప్పులు బయట విడిచి, పేరు, వచ్చిన టైము రాసి, పని అన్న గడిలో 'తోవ చెప్పటానికి' అని రాసేవారు. అయినా గడప దాటేవారు కాదు. స్టూలు మీద కూర్చుని, ఏ తీగ తీయాలో, ఏది ముట్టుకోవద్దో అక్కడి నుంచే చెప్పేవారు. లోపలికి రమ్మంటే "నేనిప్పుడు పాసు మనిషిని" అని నవ్వేవారు. లేచి పోయేటప్పుడు పోయిన టైము రాసి సంతకం పెట్టేవారు. ఎనిమిదేళ్లు ఇదే.

ఆయన ఒకసారి సెలవు పెట్టి, నిర్మల్‌లో బస్సు మారి ఇచ్చోడకు పోయి ఆ వంట మనిషిని కలిసొచ్చారు. పోవాల్సింది నేను. నేను పోలేదు. మర్నాడు అడిగితే, "మందులు వాడుతుండు. 'నా చేతి వంట తింటరా సారూ' అని అడిగిండు. కూసోని తిన్న. పప్పు మంచిగ చేసిండు" అన్నారు. హాస్టల్ వాళ్లు అతన్ని మళ్లీ పనిలోకి తీసుకోలేదు.

దినాల నాడు సార్ ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "గా వంటాయన ఉసురే తాకిందేమో బిడ్డా. ఈయన చేతుల వల్లనే గద ఆయన పని పోయింది" అన్నారు. ఆయన ఇంట్లో కూడా నిజం చెప్పలేదు. కట్టుకున్న మనిషి ముందు కూడా నా తప్పు మోస్తూనే పోయారు. ఇక మోయనివ్వడం నాతో కాలేదు. మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. ఆమె కొంగు చివర మడతపెట్టుకుంటూ కూర్చున్నారు.

"నాకు ఆయన ఫోన్ తాళం నంబరే చెప్పలే. ఊరోనికి పాస్‌వర్డ్ ఎట్ల చెప్పిండా అనుకున్న." తర్వాత నా వైపు చూడకుండా అన్నారు, "తప్పు ఆయనదని అంతటా తెల్సె. కాదని నా ఒక్కదానికి చెప్తె ఏం లాభం?"

మర్నాడు సూపరింటెండెంట్‌కు చెప్పాను. "పోయినాయన పోయిండు. ఫైలెప్పుడో మూసినం. పని చూస్కో పో" అన్నారు. సంజాయిషీ రాసి లోపలి బోర్డులో పెడతానంటే వద్దన్నారు. అందుకే మీ ముందుకు, బజారుకు తెచ్చాను. ఉద్యోగం పోతే పోనీ. ఎనిమిదేళ్లు దాచి దాచి అలిసిపోయాను. తప్పు నాది. ఈ మాట ఎవలది అని సార్ అడిగినా, నాదే అని చెప్పగలను.

ఇందులో వంట మనిషి మాట కూడా ఉంది కనుక ఆయనకు ఫోన్ చేసి అడిగాను. నేనెవరో చెప్పాను. "రాయమ్మా. నా పేరొక్కటి వద్దు. సారుకు అన్నం పెట్టిన ముచ్చట మాత్రం రాయి" అన్నాడు.

నిన్న రిజిస్టర్ తెరిచాను. సార్ పోయిన రోజు మధ్యాహ్నం కూడా వచ్చారు. నేనే పిలిచాను. స్టూలు మీద కూర్చుని చెబుతూ చెబుతూ, ఛాతీలో ఏదో పట్టినట్టుందని లేచి ఇంటికి పోయారు. ఆ వరుసలో పేరుంది, వచ్చిన టైము ఉంది, 'తోవ చెప్పటానికి' అని ఉంది. పోయిన టైము గడి ఖాళీగా ఉంది. ఆడిట్‌కు ముందు ఖాళీలన్నీ నింపమని ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. మిగతావన్నీ నింపి, ఆ ఒక్కటి అలాగే ఉంచాను.